మత్తడి దూకిన పడవ

తెర మీద ఒక పడవ గాలిలో వేలాడుతోంది. కింద నీలం నీళ్లు.

దశరథం కూతురి భుజం మీదుగా తొంగి చూశాడు.

"దండెం మీద అంగి ఏలాడినట్టున్నదేందే? పడతదా, పడదా?"

"పడతది బాపు. నీళ్లను ఎంత గట్టిగ గుద్దుకుంటది, అడుగు చెక్క ఆగుతదా లేదా, గదంత కంప్యూటర్ లెక్క జేస్తది."

పడవలు తయారుచేసే కంపెనీలో నీరజకు అదే పని. అసలు పడవను నీళ్లలోకి దించకముందే, ఉత్తుత్తి పడవను ఉత్తుత్తి నీళ్ల మీద పడేసి చూస్తారు.

సూరత్‌లోని బమ్రోలిలో మరమగ్గాల మీద, అదే సాంచాల మీద, పనిచేసేవాళ్లలో దశరథం పడవ కథ విననివాడు లేడు.

సొంతూళ్లో వరద వచ్చిన రోజు అతని అన్న నర్సింగం పడవతో సహా, నీళ్లు పొర్లిపోతున్న పెద్దచెరువు మత్తడి దూకాడు. ఆ దెబ్బకు ఎగిరిన చేపలు తాటిచెట్ల మీద పడ్డాయి. ఊరు ఊరంతా నెల రోజులు చెట్లెక్కి కూర తెచ్చుకుంది. అన్న మాత్రం ఆగలేదు, అట్నుంచటే సముద్రానికి పోయాడు.

శవం దొరకలేదు. చెక్కముక్క కూడా దొరకలేదు. కథలో ఆ సంగతి ఉండదు.

షోలాపూర్ నుంచి పనికి పిలుపు వచ్చినా కాదని దశరథం సూరత్ చేరింది, ఇక్కడ సముద్రం ఉందనే. సెలవు దొరికితే డుమస్ సముద్రపు ఒడ్డున నిలబడతాడు.

"మన వాగు అవుతలి సముద్రంల కలుస్తది బాపు," అని నీరజ బళ్లో చదివేటప్పుడే చెప్పింది.

"సముద్రానికి నడుమ గోడ గట్టిన్రా ఏంది?" అని నవ్వాడు.

ఈ ఆదివారం సాయంత్రం మాత్రం నవ్వలేదు.

"మన పడవను గూడ ఏసి చూడరాదు బిడ్డా."

పొడవూ వెడల్పూ చేతులు చాపి చూపించాడు. మత్తడి తాటిచెట్టంత ఎత్తన్నాడు. నీరజ అతని మొహంలోకి చూసింది. ఇంటి దూలమంత అన్నాడు.

"మరి మనిషేడి?"

"మనిషుండడు బాపు. బరువే పెడతం. పెద్దబాపు ఎంతుండె?"

"పైల్వాను! రెండు క్వింటాళ్లుండె!"

నీరజ వేళ్లు కదలలేదు.

దశరథం తెర వైపు చూశాడు.

"యాభై కిలోలు బిడ్డా. బక్కగుండె."

రాత్రి పాళీకి వెళ్లిపోయాడు.

తెల్లవారి, జుట్టు నిండా దారపు నుసితో గడపలోంచే అరిచాడు. సాంచాల మోతలో బతికినవాడికి మెల్లగా మాట్లాడటం రాదు.

"నడుస్తున్నదా?"

తెర మీద అంకెలు పైకి పాకుతూనే ఉన్నాయి.

"చాలూ ఉంది బాపు."

"అయితే తెగలే! నేనన్లే?"

అతని కార్ఖానాలో ఒక్క పోగు తెగినా సాంచా దానంతటదే ఆగిపోతుంది. నడుస్తోందంటే అంతా సాబూతుగా, తెగకుండా ఉన్నట్టే.

నీరజ అప్పటికే బొమ్మ తెరిచి చూసింది. నీళ్లను తాకీ తాకగానే పడవ అడుగు రెండుగా విడిపోయింది. కంప్యూటర్ దానికేమీ ఆగదు. పడవ పోయినా నీళ్లను లెక్కపెడుతూనే ఉంటుంది.

బొమ్మ మూసేసి, అంకెలు మాత్రం ఉంచింది.

దశరథం కాళ్లు కూడా కడుక్కోకుండా, చాయ్ గ్లాసుతో తెర ముందు కూర్చున్నాడు.

"ఎందాక పోయిండే?"

నీరజ జుట్టు ముడివేసుకుంది.

"మత్తడి దాటిండు బాపు. వాగుల ఉన్నడు."

"నాకెరుకే! పొద్దుమీకి గోదారిల పడతడు. ఆగే మనిషా?"

ముందుకు వంగాడు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విననంత మెల్లగా అన్నాడు.

"అన్నా, జర నిమ్మలంగ పో."

కింద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. నీరజ ల్యాప్‌టాప్ వైపు చెయ్యి చాపింది.

ఛార్జరు వైరు సరిగ్గా గుచ్చి, ఖాళీ బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది.