తోలు వాషరు

"రాసుకోండి. దుకాణాలన్నీ మూసేశారు, చేతిలో వాషరు లేదు. నా బూటే విప్పి, లేసుల కింది తోలు కోసి పంపులో బిగించాను. నీళ్లు ఉబికి వచ్చాయి" అన్నాడు పంపుల కంపెనీ యజమాని.

రచయిత్రి రాసుకుంది. ఆయన జీవితకథ రాసిపెట్టడం ఆమె పని. అట్టమీద పేరు మాత్రం ఆయనదే. ఆ తోలు వాషరు గోడవార గాజుపెట్టెలో, ఖరీదైన నగలాగా పట్టుగుడ్డ మీద కొలువుదీరి ఉంది. పక్కనే ఆ మహత్తర బూటు. వాషరేమో నల్లగా, పల్చగా ఉంది. బూటేమో గోధుమరంగుది, మందపాటిది. కాలేజీ పిల్లలు వచ్చి దాంతో ఫొటోలు దిగి, తామూ ఎవరికిందా పనిచేయమని ఒట్లు పెట్టుకుని వెళ్తుంటారు. ఒక్కరికైనా ఆ తేడా కంటబడలేదు.

ఆమె బల్లకింద చెప్పు విప్పి కుడిపాదం రుద్దుకుంది. ఇబ్బందిగా ఉన్నప్పుడల్లా ఆమెకది అలవాటు. అప్పట్లో మీ షెడ్డులో ఒక ఫిట్టరు ఉండేవారట కదా అని మెల్లగా కదిపింది.

"ఉండేవాడు. పేరు గుర్తులేదు. అయినా కథలో ఇద్దరుంటే ఎవరికి చప్పట్లు కొట్టాలో జనానికి తెలీదండీ. ఒక్కడే ఉండాలి."

సాయంత్రం ఆమె ఫిట్టరు దగ్గరికి వెళ్లింది. ఇప్పుడాయన రెండు గదుల ఇంట్లో కూర్చుని కుక్కర్లు, స్టవ్వులు బాగుచేస్తున్నాడు. తలుపు తీసే ఉంది. స్టూలు మీది పానాలు కింద పెట్టి, అడక్కుండానే చక్కెర తక్కువేసి టీ ఇచ్చాడు. ఆమె రాసింది చదివి వినిపించింది. పంపు బొమ్మ గీసిందీ, గొట్టం అతికిందీ, మూడు నెలలు తిండీ నిద్రా మాని తంటాలు పడిందీ నిజానికి ఈ ఫిట్టరే. అందులో ఒక్క ముక్కా పుస్తకంలో లేదు. అయినా ఆయనకు కోపం రాలేదు. ఆమెకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

"నా పేరు లేకపోతే పోనీలేమ్మా" అన్నాడు. "బూటు సంగతి మాత్రం నిజం రాయి. ఫిట్టరు తన కూతురి బడి బూటు కోశాడని రాయి. నిద్రపోతుంటే చూసి కోశాను. కొత్తవి కొనలేక ఏడాదంతా వాటితోనే బడికి పంపాను. లేసులు ఒరుసుకుని పసిపాదం పుండయింది. ఆ తప్పు నాది. దాన్ని కూడా ఆయన గొప్పతనంలో కలిపేసుకుంటే, ఇక నేను ఎవరికి చెప్పుకోను?"

తప్పకుండా రాస్తానని ఆమె మాటిచ్చింది.

మర్నాడు ఆ ముక్క రాసి యజమానికి చూపించింది. ఆయన చదివి నవ్వేశాడు.

"చిన్నపిల్ల బూటు కోశారంటే ఎవరు మెచ్చుకుంటారండీ? కొట్టేయండి. నా స్నేహితులు నలుగురు మీచేత ఇలాంటి పుస్తకాలే రాయించుకోవాలని చూస్తున్నారు. మొదటిదే పాడుచేసుకుంటారా?"

ఆమె కలం ఆగింది. ఫిట్టరు మొహం కళ్లముందు మెదిలింది. తాను చేస్తున్నది తప్పని ఆమెకు తెలుసు. తెలిసే ఆ ముక్కను కొట్టేసి, 'నా బూటే విప్పి' అని మళ్లీ రాసింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

బల్లకింద చెప్పు విప్పి కుడిపాదం రుద్దుకుంది.

ఫిట్టరు కోసిన ఆ బడి బూటు ఆమెదే.