ఎదురు కుర్చీ

"గీమెను నా ముంగట కూసోబెట్టకు సిస్టర్. ఆ మొకం నేను చూడ."

మొదటి రోజు లక్ష్మీనర్సయ్య నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. వేలు ఎదురు కుర్చీ వైపు చూపిస్తోంది.

ఆ కుర్చీలో హిమజ ఉంది. థైరాయిడ్ జబ్బుతో ఆమె కళ్లు రెండూ ముందుకు పొడుచుకొచ్చాయి. రెప్పలు పూర్తిగా మూతపడవు. మామూలుగా చూసినా ఉరిమి చూసినట్టే ఉంటుంది. పెద్దాయన ఆ కళ్లకు జడుసుకున్నాడని నర్సు ప్రేమలత అనుకుంది.

"ఆయన దగ్గు నేను వినలేను. నన్ను వేరే రూముల కూసోబెట్టుండ్రి," అంది హిమజ, అంతే కటువుగా.

"అది అంటుకునే రోగం కాదమ్మా. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడ్డయి, అంతే," అని ప్రేమలత నచ్చజెప్పింది.

వేరే గది లేదు. మహబూబాబాద్‌లోని ఆ దవాఖానలో కొత్త మందు ప్రయోగానికి ఇచ్చింది ఆ ఒక్క గదే. అదొక యాంటీబాడీ మందు. కళ్ల వెనక వాపునూ, ఊపిరితిత్తుల మచ్చలనూ రెంటినీ ఆపుతుందేమోనని చూస్తున్నారు. మూడు వారాలకోసారి, మంగళవారం నాడు, సెలైన్ లాగా ఎక్కిస్తారు. ఎవరికి అసలు మందు వెళ్తోందో, ఎవరికి ఉప్పునీళ్లు వెళ్తున్నాయో డాక్టరు యుగేందర్‌కు కూడా తెలియదు.

లక్ష్మీనర్సయ్యకు జనగామలో హోల్‌సేల్ దుకాణం ఉంది. చక్రాల మీద ఆక్సిజన్ సిలిండరు లాక్కుంటూ ఒక్కడే వస్తాడు. హిమజది భూపాలపల్లి. భర్త వెంకటేశ్ బొగ్గు గనిలో పని చేస్తాడు. ఆమెను దింపి, కింద టీకొట్టు దగ్గరే నిలబడతాడు. ఒక్కనాడూ మెట్లెక్కి రాలేదు.

రెండోసారి తలుపు దగ్గర గొడవ. దగ్గు వినలేక హిమజ తలుపు తెరిపించింది. దుమ్ము వస్తోందని లక్ష్మీనర్సయ్య మూయించాడు.

"ఉండబుద్ధి కాకుంటె ఎల్లిపొమ్మను సిస్టర్."

"పొమ్మనేటందుకు ఇది ఎవరి దుకాణం కాదని చెప్పుండ్రి సిస్టర్."

ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు. అన్ని తిట్లూ ప్రేమలత మీదుగానే ప్రయాణం చేస్తాయి.

మూడోసారి హిమజ గ్లాసు పెట్టబోయి గురి తప్పింది. నీళ్లన్నీ లక్ష్మీనర్సయ్య పంచె మీద పడ్డాయి.

"కండ్లు పోయినయా అడుగు సిస్టర్!"

"పోలేదని చెప్పుండ్రి. ఒక్కొక్కటి రెండ్రెండు కనబడ్తున్నయి. ఆయన ఒక్కరుంటెనే ఎక్కువ, నా పానానికి ఇద్దరు కనబడ్తున్నరు."

ఆ రోజే లక్ష్మీనర్సయ్య కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చాడు. ఆమెను ఈ ప్రయోగంలోంచి తీసెయ్యమన్నాడు. యుగేందర్‌కు ఒళ్లు మండింది. ఇద్దరినీ పిలిచాడు.

"హైదరాబాద్‌లో ఇదే మందు ఇస్తున్నరు. మీలో ఒకరు అక్కడికి మారండి. ఎవరు పోతరు?"

"నేనెందుకు పోవాలె?" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"నేను పోను," అంది హిమజ.

చివరికి ప్రేమలతే కుర్చీలు జరిపింది. గదికి ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. అయినా చూపులు కలిసినప్పుడల్లా గదిలో వేడి పుట్టేది.

అయిదోసారికి హిమజ కళ్లు కొంచెం లోపలికి వెళ్లాయి. రెండుగా కనిపించడం తగ్గింది. లక్ష్మీనర్సయ్య దగ్గు మాత్రం తగ్గలేదు. పైగా ప్రేమలత రెండుసార్లు పేరు పెట్టి పిలిచినా పలకలేదు. పొగరు అనుకుంది. యుగేందర్ మాత్రం వెంటనే చెవి పరీక్ష చేయించాడు.

రిపోర్టు చూసి కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు. వినపడదని గట్టిగా మాట్లాడాడు. గదంతా వినిపించింది.

"మీ చెవుల్లో నరం దెబ్బతింటున్నది. ఈ మందుతోని ఒక్కొక్కరికి ఇట్ల అయితది. మీ ఇంట్ల ఇదివరకు ఎవరికన్నా చెవుడు ఉండెనా?"

"మా అమ్మకు. నలభై ఏండ్లకే రెండు చెవులు పోయినయి."

"అయితే ఇది మీ రక్తంలనే ఉన్నది. అట్లాంటోళ్లకు ఈ మందు ఎక్కించొద్దు. ఇయ్యాల్టి నుంచి మీకు బంద్. పిల్లలున్నరా?"

"లేరు."

జవాబు తన్నినట్టు వచ్చింది. యుగేందర్ రాసుకుని లేచాడు.

గదికి ఆ కొసన ప్రేమలత సీసా తగిలిస్తోంది. హిమజ మొహం గోడ వైపు తిప్పుకుని చెయ్యి చాపింది.

"ఎక్కియ్యుండ్రి సిస్టర్. జల్ది ఎక్కియ్యుండ్రి."

లక్ష్మీనర్సయ్య ఆ సీసానే చూస్తున్నాడు. సూది గుచ్చారు. మొదటి చుక్క గొట్టంలోకి జారింది.

ఆయన ఒక్కసారిగా లేచాడు. ఆక్సిజన్ గొట్టం ముక్కు నుంచి ఊడిపోయింది. తూలుతూ గది దాటి వెళ్లి సెలైన్ గొట్టం పట్టుకుని గుంజాడు. స్టాండు పెద్ద చప్పుడుతో కింద పడింది. సీసా పగిలి మందు నేలపాలైంది.

"అవుతలికి పొమ్మనుండ్రి! నన్ను ముట్టొద్దని చెప్పుండ్రి!" హిమజ గొంతు చించుకుని అరిచింది. మోచేతి దగ్గర నుంచి రక్తం కారుతోంది.

యుగేందర్ ఆయన రెట్ట పట్టుకుని వెనక్కి లాగాడు. "మనిషివేనా నువ్వు? నీకు బంద్ అయిందని ఆమెది కూడా చెడగొడ్తవా? పోలీసులను పిలుస్త!"

లక్ష్మీనర్సయ్యకు ఊపిరి అందడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. అయినా ఆ గొట్టం వదల్లేదు.

"ఆమెది గూడ మా అమ్మ రక్తమే సారూ, ఆమె నా బిడ్డ."