కదలని గీత

"వోల్టేజీ పెంచితే ఈ ఫిల్టర్ పట్టే ఫ్రీక్వెన్సీ మారిపోతుంది, చూడండి," అంటూ డైరెక్టర్‌గారు నాబ్ తిప్పారు.

తెరమీద గీత కదల్లేదు. ప్రాజెక్టు పొడిగించాలో వద్దో తేల్చడానికొచ్చిన పెద్దావిడ కనుబొమలు ముడిచారు.

"వోల్టేజీకి మారాల్సిన లిక్విడ్ క్రిస్టల్ లోపల పోశావా?" ఆయన, ఫిల్టర్ తయారుచేసిన నా చెవిలో గొణిగారు.

"పోశాను సార్. మీరన్నట్టే, సిరామిక్ పలకను కొలిమిలో కాల్చకముందే."

"కాలిస్తే ఆవిరైపోదూ?"

"ఆ మాటే అంటే, నాకు నేర్పకు అన్నారు."

ఆయన మొహాన నవ్వు పులుముకుని ఆవిడ వైపు తిరిగారు. "చూశారా మేడమ్, ఎంత వోల్టేజీ ఇచ్చినా చెక్కుచెదరదు. మొదట్నుంచీ మా లక్ష్యం స్థిరత్వమే."

"ఫిల్టర్ సంగతేమో గానీ, మీరు మాత్రం భలే మారారండి. వోల్టేజీ కూడా అక్కర్లేకపోయింది."

ఆయన వేలు అప్పటికే నావైపు తిరిగింది.

"పోసింది ఈ అమ్మాయేనండి."