ఒళ్లో పిల్ల

"ఇందులోంచి ఈమెను తీసెయ్యాలి" అన్నాడు అన్న, ఫొటోను కౌంటరు మీద పెడుతూ.

స్టూడియో ఆవిడ తలెత్తి చూసింది. తీసెయ్యాల్సిన మనిషి అతని పక్కనే నిలబడి ఉంది.

ఫొటోలో నలుగురు. నిలబడిన నాన్న, ఆయన పక్కన ఆరేళ్ల కొడుకు, కుర్చీలో అమ్మ, అమ్మ ఒళ్లో రెండేళ్ల పిల్ల. నాన్న పోయి చాలా ఏళ్లయింది. అమ్మ పోయి మూడు రోజులు. రేపటి పేపర్లో ప్రకటన రావాలంటే ఫొటో నాలుగింటికల్లా పేపరాఫీసుకు చేరాలి.

"నేను బతికుండగానే నన్నెలా తీసేస్తావన్నయ్యా?"

"అమ్మ కడుపున పుట్టినవాళ్లే ఉండాలి. నిన్ను మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నారు. అమ్మ ఒట్టు వేయించుకుంది కాబట్టి తను పోయేదాకా నోరు మూసుకున్నాను."

"మూడేళ్లప్పుడు తెచ్చుకుంటే, రెండేళ్లప్పుడు అమ్మ ఒళ్లోకి ఎగిరొచ్చి కూర్చున్నానా? వెనక తేదీ చూడు. నాన్న రాతే."

ఆ తేదీ అన్నని కూడా చాలాసార్లు తికమక పెట్టింది.

"నువ్వందులోకి ఎలా వచ్చావో నాకు తెలీదు. ఆ రోజు నువ్వు లేవు. నాకు బాగా గుర్తుంది."

"ఆరేళ్లవాడికి పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు. నువ్వొచ్చి చెప్తున్నావు!"

"మీ తగువు ఇంటికెళ్లి తీరిగ్గా పడండి" అంది స్టూడియో ఆవిడ. "ఈ కాపీ ఎటూ పనికిరాదు, చెమ్మకి మచ్చలు పట్టేసింది. కింద మా ముద్ర ఉంది, అంటే మా మామయ్యగారు తీసిందే. పోయేదాకా ఆయన ఏదీ పారెయ్యలేదు, అన్నీ డిస్కుల్లో దాచారు. అసలు ఫైలు దొరికితే తీసెయ్యడమైనా ఉంచడమైనా నిమిషం పని."

"ఆ అసలుదే తెరవండి" అంది ఆమె వెంటనే. అన్న వైపు తిరిగింది. "అందులో నేనుంటే ప్రకటనలో కూతురు అని నా పేరు నీ చేత్తో రాస్తావా?"

"రాస్తాను. లేకపోతే?"

"మళ్లీ నీ గుమ్మం తొక్కను."

డిస్కు దొరికింది. ఫైలు మాత్రం తెరుచుకోలేదు. 'ఈ ప్రోగ్రాం ఈ సిస్టంలో పనిచేయదు' అని తెర మీద ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

"మామయ్యగారి కాలపు సాఫ్ట్‌వేరండీ ఇది. చేసిన కంపెనీయే మూతపడింది. ఈ కంప్యూటరేమో నిరుడు కొన్నది. వేరు కాపురం పెట్టిన కోడలింటికి అత్తగారొచ్చినట్టు, ఒకదాని మొహం ఒకటి చూడవు."

"మరెలా?"

"అబద్ధమాడాలి. ఇది పాత సిస్టమేనని దాన్ని నమ్మించాలి. పుట్టింట్లోనే ఉన్నాననుకుంటే చెప్పిన మాట వింటుంది."

మొదటిసారి తెర నల్లబడిపోయింది. రెండోసారి తెరుచుకుంది కానీ అక్షరాలన్నీ గళ్లుగళ్లుగా వచ్చాయి. మూడోసారికి కంప్యూటరే ఆగిపోయింది. గోడ గడియారం మూడు దాటింది.

"వదిలెయ్యండి" అన్నాడు అన్న. "ఈ కాపీలోనే ఆమె మీద అమ్మ చీర రంగు పులిమెయ్యండి, చాలు."

"పులమడానికి నేను గోడలకు సున్నం కొట్టేదాన్ని కాదు సార్" అంది స్టూడియో ఆవిడ, మళ్లీ మొదలుపెడుతూ.

నాలుగోసారి నమ్మింది. సగం బటన్లు కనబడలేదు. ఒక్కో నొక్కుకి అర నిమిషం ఆలోచించుకుంటోంది. ఫొటో పైనుంచి కిందికి, నాటకంలో తెర దించినట్టు మెల్లగా వచ్చింది. నాన్న క్రాఫు. నాన్న భుజం. అమ్మ నుదురు. అన్న బిక్కమొహం. చివరికి అమ్మ ఒళ్లో, నాన్న వేలు పిడికిట్లో పట్టుకుని, ఆమె.

"చూశావా!" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "చూశావా అన్నయ్యా! ఇప్పుడనవేం? తెచ్చుకున్నారని ఇప్పుడను!"

అన్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె ప్రకటన కాగితం, పెన్ను అతని ముందుకు తోసింది. అతను తన పేరు కింద 'కూతురు' అని రాసి, పక్కన ఆమె పేరు రాశాడు.

అక్కడితో అయిపోయేది. కానీ ఈ మూడు రోజుల మంట ఆమెను ఊరుకోనివ్వలేదు.

"ఒక్క నిమిషం ఆగండి. నన్ను తీసేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూపించండి. అమ్మ ఒళ్లు బోసిపోతే ఎలా ఉంటుందో మా అన్నయ్యని కళ్లారా చూడనివ్వండి."

"ఎందుకమ్మా, గెలిచావుగా!"

"చూపించండి."

స్టూడియో ఆవిడ మౌసు కదిపి, కళ్లు చికిలించింది. "చిత్రంగా ఉందే! పాప ముఖం ఒక్కటీ ఫొటో మీద వేరే పొరగా పెట్టారు మామయ్యగారు. ఎందుకో మరి. అయితే ఒక్క నొక్కు చాలు."

నొక్కింది. అర నిమిషం ఏమీ జరగలేదు. తర్వాత ఆమె ముఖం మాయమైంది.

దాని కింద ఖాళీ లేదు. అదే గౌను, నాన్న వేలు పట్టుకున్న అదే పిడికిలి. నోరంతా తెరిచి నవ్వుతున్న ఇంకో పిల్ల.

అన్న లేచాడు. తెర దగ్గరికి వంగి, ఆ పిల్ల బుగ్గ తడిమాడు.

"చెల్లీ!" అన్నాడు.