ఇద్దరు సాక్షులు

సెమినార్ గదిలో అందరూ చప్పట్లు కొడుతుంటే శ్యాంసుందర్ మాత్రం బల్ల కింద చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. చప్పట్లు అరుణశ్రీకి.

ఇద్దరూ సింగపూర్‌లో ఒకే ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తున్నారు. అరబ్బులకూ యూదులకూ వైరం ఎలా మొదలైంది, జాతీయవాదం ఇరుగుపొరుగు వాళ్లని శత్రువులుగా ఎలా మార్చింది అన్నది అంశం. అరబ్బుల వైపు శ్యాంసుందర్‌ది, యూదుల వైపు అరుణశ్రీది. ఆ రోజులు కళ్లారా చూసి, తర్వాత ఇక్కడికొచ్చి స్థిరపడిన వృద్ధుల్ని వెతికి పట్టుకుని, వాళ్ల మాటలు టేపు మీదికెక్కించాలి. వంశం అరబ్బులకు తండ్రి నుంచి, యూదులకు తల్లి నుంచి వస్తుంది కాబట్టి ఇద్దరి ఫారాలూ వేరు. సాక్షుల పేర్లు ప్రొఫెసర్‌కి కూడా చెప్పకూడదు, నంబర్లే: అరబ్బులకు ఎ, యూదులకు జె.

ఏడాది చివర విభాగంలో ఉద్యోగం మాత్రం ఒక్కటే ఉంది.

అది రాకపోతే తన గతేమిటో రూమ్మేట్ బాలు ఎప్పుడో తేల్చేశాడు. "ఏందబ్బా, ఎప్పుడో చచ్చినోళ్ల గొడవ నీకెందుకు? జావా నేర్చుకో. మూణ్ణెల్లలో నిన్నూ మా ఆఫీసులో కూర్చోబెడతా."

అది రెండువేల సంవత్సరం. జురాంగ్ వెస్ట్‌లోని ఆ ఫ్లాట్‌లో జావా రాని మగవాడు శ్యాంసుందర్ ఒక్కడే. ఒకసారి పుస్తకం తెరిచి, మూడో పేజీలో నిద్రపోయాడు కూడా.

ఇక ఆ రోజు సెమినార్‌లో అరుణశ్రీ చదివిన జె-2 వాంగ్మూలం ఇది: "హైఫాలో మా ఇల్లు. 1929. నాకు పదకొండేళ్లు. శుక్రవారం సాయంత్రం అమ్మ దీపాలు వెలిగించి కళ్లు మూసుకుంది. కిటికీలోంచి రాయి వచ్చింది. విసిరినవాడు నిన్నటిదాకా నాతో గోళీలాడినవాడే."

గదిలో సగంమంది కళ్లు తుడుచుకున్నారు.

"ఏంటి శ్యామ్, మొహం అలా పెట్టావ్?" అంది అరుణశ్రీ.

"ఏం లేదు. బాగా చదివావ్."

అలాంటి సాక్షి దానికెలా దొరికాడు? తన ఎ-4 కూడా హైఫా మనిషే. 'మా నాన్న కొట్టు అద్దాలు పగలగొట్టారు' అన్న ఒక్క ముక్క తప్ప ఏడిపించే మాట ఒక్కటీ చెప్పలేదు. శ్యాంసుందర్ ఆ సాయంత్రమే వుడ్‌ల్యాండ్స్‌లోని ఆయన ఇంటికి వెళ్లాడు.

"రా బాబూ, మకాన్ అయిందా? తిన్నావా?" అంటూ ఎ-4 తాతగారు ప్లేటు ముందుకు జరిపారు.

తినే ఓపిక అతనికి లేదు. "అంకుల్, అద్దాలు పగలగొట్టిన ఆ యూదుల గురించి ఇంకాస్త గట్టిగా చెప్పండి. మీకు కోపం లేదా?"

"వాళ్లూ మా వీధి కుర్రాళ్లే. మా అమ్మయితే ఆ రోజు..."

"అమ్మ సంగతి తర్వాత, అంకుల్. మా ఫారంలో నాన్నగారి గడే ఉంది. టేపు కూడా అయిపోవస్తోంది."

తాతగారు అతని వంక జాలిగా చూసి, నాన్న గురించే చెప్పారు.

ఇంటికొచ్చి టేపు వింటే, అందులో ఏడుపూ లేదు, పగా లేదు. శ్యాంసుందర్ ఇక ఆగలేకపోయాడు. తెల్లారగానే ప్రొఫెసర్ హైమావతి గదిలో ఉన్నాడు.

"మేడమ్, ఆ జె-2 కల్పితం. అరుణశ్రీ ఇంట్లో కూర్చుని రాసుకొచ్చింది. అంత అందంగా ఏ ముసలాయనా మాట్లాడడు."

హైమావతి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పెద్ద మాటన్నావు. సరే, నంబర్ల రూలు పక్కన పెడతాను. బుధవారం పదింటికి ఇద్దరి సాక్షులూ ఇక్కడ నా ఎదుట ఉండాలి. రానివాళ్లది అబద్ధమని రాసుకుంటాను. ఉద్యోగం రెండోవాళ్లది."

బుధవారం పదింటికి పది నిమిషాల ముందే శ్యాంసుందర్ వచ్చేశాడు. ఎ-4 తాతగారు బస్సెక్కానని ఫోన్ చేశారు. అరుణశ్రీ ఒక్కతే వచ్చి కూర్చుంది. ఆమె పక్క కుర్చీ ఖాళీ. ఆ కుర్చీని చూసినకొద్దీ అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కడమ్మా మీ జె-2?" అన్నాడు, నవ్వు ఆపుకోలేక.

పది కొట్టగానే తలుపు తోసుకుని ఎ-4 తాతగారు చేతికర్రతో లోపలికి రాగానే, "ఇదుగోండి మేడమ్, నా జె-2. నా ఫారంలో అమ్మగారి గడి ఉంది" అంటూ అరుణశ్రీ లేచి ఆయన చెయ్యి పట్టుకుంది.