పై కొమ్మ

చీనా దేశపు వెదురు తోపులో కాకులకొక కట్టుబాటు ఉంది. రెక్కలొచ్చిన బిడ్డ, ముసలైన తల్లికి నోట్లో ముద్ద పెట్టాలి. ఒక కొడుకు కాకి రోజూ పెట్టేవాడు, తల్లి రోజూ వంక పెట్టేది.

"పురుగు చల్లారిపోయిందిరా. నీకు నేనిలాగే పెట్టానా?"

గూట్లో తన పిల్లల అరుపులు, ఇటు తల్లి సణుగుడు. ఒకనాడు కొడుకు నసిగాడు.

"అమ్మా, వాగు అవతల కొంగలు ముసలి పక్షులకు ఆశ్రమం పెట్టాయి. వేళకు చేప పెడతాయట."

"కన్నతల్లిని కొంగలకు అప్పగిస్తావా? పక్క చెట్టు గోరింక నవ్వదూ?"

"గోరింక వాళ్ళమ్మ కూడా అక్కడే ఉందమ్మా."

ఆ ముసలి గోరింక ఒకప్పుడు తల్లి కాకి గూటిని చెత్తకుప్ప అంది. ఆ మాట ఇంకా తల్లి కడుపులోనే ఉంది.

"అయితే పద. దానికంటే పై కొమ్మ ఇప్పించు."

తల్లిని దింపి వచ్చాక కొడుక్కి తోపులో తలెత్తుకోవాలంటే సిగ్గేసింది. కొద్ది రోజులకే మెత్తని పురుగొకటి ముక్కున కరుచుకొని ఆశ్రమానికి ఎగిరాడు. తల్లి పై కొమ్మ మీద ఉంది, ముసలి గోరింక కింది కొమ్మ మీద ఉంది. పురుగును కాలికింద పెట్టి, "అమ్మా, ఇంటికి వచ్చెయ్యి," అన్నాడు మెల్లగా.

"గట్టిగా అడుగు. కిందికి వినబడాలి."

కొడుకు గొంతెత్తి బతిమాలాడు.

"నేను రాను. ఇక్కడ బాగానే ఉంది. రేపొచ్చి మళ్ళీ ఇలాగే అడుగు," అని తల్లి నోరు తెరిచింది. కొడుకు పురుగు పెట్టాడు.

"చల్లారిపోయింది," అంది తల్లి, గోరింక వైపు చూస్తూ తృప్తిగా నములుతూ.