గేట్ అరేలో నల్ల చుక్క

“ఇదేంటి?”

ఎగ్జామినర్ జయకృష్ణ గారు వేలు పెట్టి చూపించిన చోట, సర్క్యూట్ బొమ్మ మధ్యలో, శనగగింజంత నల్లటి చుక్క ఉంది. కంపాసు పెట్టి గీసినట్టు గుండ్రంగా ఉంది. దానికి ఇటునుంచి ఒక తీగ, అటునుంచి ఒక తీగ తగిలించి ఉన్నాయి. చక్రి ఆ బొమ్మని చూడటం అదే మొదటిసారి. రిపోర్టు మాత్రం అతనిదే. అట్టమీద బంగారు అక్షరాలతో పేరు కూడా ఉంది.

“బఫర్ అండి,” అన్నాడు. ఏమీ తోచనప్పుడు బఫర్ అనెయ్యమని సీనియర్లు చెప్పి ఉంచారు.

“బఫరా!” అన్నారు జయకృష్ణ గారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆ చుక్క వంకే చూడసాగారు. ఆయన ఇరవై ఏళ్ళ కిందట ఇదే కాలేజీలో చదివి, ఇప్పుడు ఇంకో కాలేజీలో ప్రొఫెసరు. ఆయన ఎగ్జామినరుగా వస్తున్నారంటే పిల్లలు ముందురోజే కనకదుర్గమ్మ కొండెక్కి వస్తారు.

చక్రి కూడా ఎక్కి వచ్చాడు. సోమవారం మంగళగిరిలో ఉద్యోగంలో చేరాలి మరి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు పాసైనట్టు కాగితం తేకపోతే గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తామని కంపెనీవాళ్ళు మరీ మరీ రాశారు. ఆదుకోవలసిన గైడు రాజ్యలక్ష్మి మేడమ్ చూస్తే, ఎగ్జామినర్ గారి భోజనం వచ్చిందో లేదో కనుక్కోవడానికని వెళ్ళి ఇప్పటికీ తిరిగిరాలేదు.

“బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ లైట్లకి చిప్పు డిజైన్ చేశానన్నావు. మరి బొమ్మలో ఫ్లైఓవర్ లేదేం?”

“కింది రోడ్డుకే చేశామండి. పైన లైట్లుండవు కదండీ.”

తన తెలివికి తనే మురిసిపోయాడు చక్రి. ఆ మురిపెం అరనిమిషం కూడా నిలవలేదు.

“బాగుంది. గేట్ అరే పద్ధతి అని రాశావు. గేట్ అరే అంటే?”

“సెమీ కస్టమ్ ఐసీ అండి.”

“సెమీ కస్టమ్ అంటే?”

“గేట్ అరే అండి.”

జయకృష్ణ గారు పెన్నుకి మూత పెట్టేశారు. “గానుగెద్దులా అక్కడక్కడే తిరక్కు. మామూలు మాటల్లో చెప్పు. చెబితే పాసు. లేదంటే ఆర్నెల్లాగి మళ్ళీ రా.”

ఆర్నెల్లు! చక్రికి మంగళగిరి ఉద్యోగం అమెరికా అంత దూరం జరిగిపోయినట్టనిపించింది.

“ఒక్క క్లూ ఇవ్వండి సార్, మీకు పుణ్యముంటుంది.”

ఆయన కాస్త మెత్తబడ్డారు. “చిప్పు మొత్తం మొదట్నించీ ఒక్కడి కోసమే చెయ్యాలంటే బోలెడు కాలం పడుతుంది. అందుకని ఫ్యాక్టరీవాడు ట్రాన్సిస్టర్లన్నీ ముందే పరిచి, ఒకదానితో ఒకటి కలపకుండా ఉంచుతాడు. ఎవరికేం కావాలో చెప్పాక, పైన లోహపు తీగలు మాత్రం వాళ్ళకి తగ్గట్టు వేసి కలుపుతాడు. సగం రెడీమేడు, సగం ఆర్డరు. ఇప్పుడు నీకు బాగా తెలిసిన పని ఏదైనా తీసుకుని, దాంతో పోల్చి చెప్పు చూద్దాం.”

చక్రి బుర్రలో లైటు వెలిగింది. వెలగ్గానే నోరు ఊరుకోలేదు.

“తెలిసింది సార్! మా కాలేజీ వెనకాల సంజీవరావు గారి జిరాక్సు షాపుందండి. అక్కడ రిపోర్టులు ముందే రెడీగా ఉంటాయండి. లోపల చాప్టర్లు, బొమ్మలు అందరికీ ఒకటేనండి. మనం వెళ్ళి చెప్పాక మన పేరు, రోల్ నంబరు, గైడు పేరు, ఆ పై పేజీలు మాత్రం మార్చి బైండింగ్ చేసిస్తారండి. మొదట్నించీ రాయాలంటే ఆర్నెల్లండి. అదే అక్కడైతే పొద్దున చెబితే సాయంత్రానికల్లా…”

అప్పుడు తెలిసింది, తానేం చెబుతున్నాడో. వైవా మొత్తంలో అతని నోటినుంచి వచ్చిన ఒకే ఒక్క సరైన జవాబు అది. దాంతోనే కొంప మునిగింది.

“ఆగావేం? మరి ఈ పద్ధతిలో చిక్కేంటి?”

“ముందే చేసి పెట్టిందాంట్లో తప్పుంటే…” నసుగుతూ అన్నాడు చక్రి, “తీసుకున్నవాళ్ళందరికీ అదే తప్పు వస్తుందండి.”

జయకృష్ణ గారు ఫక్కున నవ్వారు. నవ్వుతూనే పెన్ను మూత తీసి, పాసని రాసి సంతకం పెట్టేశారు. “ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను. గేట్ అరేని ఇంత చక్కగా చెప్పినవాణ్ణి చూళ్ళేదు. పో!”

చక్రికి ప్రాణం లేచొచ్చింది. నమస్కారం పెట్టి తలుపుదాకా వెళ్ళినవాడు, ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. “సార్, మరి ఆ చుక్క ఏంటండీ?”

“ఆవకాయ మరక. జిరాక్సు మీద జిరాక్సు తీసి తీసి నల్లబడింది. ఆ తర్వాత ఏ మహానుభావుడో కంప్యూటర్లో గుండ్రంగా గీసి, ఊరికే ఎందుకుండాలని తీగలు కూడా తగిలించాడు.”

చక్రి పరుగున వచ్చి ఆయన కాళ్ళమీద పడబోయాడు. “అంటే ఈ రిపోర్టు రాసింది మీరాండీ సార్!”

జయకృష్ణ గారు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

“నేను రాయడమేంటయ్యా! నేను కొన్ననాటికి ఆ మరక ఇంకా ఎర్రగానే ఉంది.”